పెట్టె మీది అంకె చూసి పంపు కొనేవాళ్లకు

ఈ మధ్య ముగ్గురు నన్ను ఒకే ప్రశ్న అడిగారు. "నా ఉప్పునీటి అక్వేరియానికి గంటకి ఎన్ని రెట్లు ఫ్లో ఉండాలి?" అంటే పంపులు గంటలో తోసే నీళ్లు ట్యాంకులోని నీటికి ఎన్ని రెట్లు ఉండాలని. ముగ్గురికీ నేను చెప్పింది కూడా ఒకటే. ముందు ఒక అరగంట ట్యాంకు ఎదురుగా కూర్చుని చూడండి అన్నాను. ఒకాయనకి కోపమొచ్చింది, అంకె అడిగితే ధ్యానం చెయ్యమంటారేంటని. ఆయన కోసమూ, ఆ అంకె మీద నాకున్న కడుపుమంట కోసమూ ఈ పోస్టు. పొడుగ్గానే ఉంటుంది.

అంకెలు ఉన్నాయి, లేవనను. మెత్తటి కోరల్స్‌కి (పగడపు జీవులకి) ట్యాంకు నీటికి గంటకి 10 నుంచి 20 రెట్లు, ఆక్రోపోరా లాంటి గట్టి కోరల్స్‌కి 40, 50 రెట్లు అని అందరూ చెప్పుకునేవే. మొదలుపెట్టడానికి పనికొస్తాయి. అయితే 240 లీటర్ల ట్యాంకులో ఒక మూలన గంటకి 10,000 లీటర్లు తోసే వేవ్‌మేకర్ (ట్యాంకు లోపలే నీళ్లని అలల్లా కదిలించే పంపు) ఒక్కటి తగిలించారనుకోండి. లెక్కలో 40 రెట్లు దాటేసింది. దానికి ఎదురుగా ఉన్న కోరల్‌కి మాత్రం కండ ఊడిపోయి తెల్లటి ఎముక బయటపడుతుంది, రాళ్ల వెనక మురికి కుప్ప పడుతుంది. లెక్క పాసు, ట్యాంకు ఫెయిలు.

పైగా ఆ పెట్టె మీద రాసిన అంకె ఎక్కడిదో ఎవరూ ఆలోచించరు. రిటర్న్ పంపు (కింది తొట్టిలోంచి నీళ్లని మళ్లీ ట్యాంకులోకి ఎక్కించేది) మీద గంటకి 3,000 లీటర్లు అని ఉంటే, అది నీళ్లని పైకి ఎత్తే పని లేనప్పటి మాట. ట్యాంకు కింద సంప్‌లో, అంటే ఫిల్టర్లుండే తొట్టిలో, ఉన్న పంపు అవే నీళ్లని మీటరున్నర పైకి ఎక్కించాలి, మధ్యలో గొట్టం వంపులు, ఎల్బోలు, రెండు మూడు తిరగాలి. అక్కడ సగమే మిగిలినా ఆశ్చర్యం లేదు. పెట్టె పక్కన చిన్న గ్రాఫ్ వేస్తారు, ఎంత ఎత్తుకి ఎన్ని లీటర్లని. కొనేముందు చూడాల్సింది దాన్ని.

ఇంకో గందరగోళం, రిటర్న్ పంపుతోనే అలలు పుట్టించాలనుకోవడం. రెండూ వేర్వేరు పనులు. సంప్ గుండా నీళ్లు గంటకి 3 నుంచి 5 సార్లు తిరిగితే చాలు. అంతకన్నా వేగంగా తిప్పితే ఫిల్ట్రేషన్ పెరగదు, ట్యాంకులోంచి సంప్‌లోకి నీళ్లు దించే ఓవర్‌ఫ్లో గొట్టం గురకపెట్టడం, సంప్‌లో బుడగలు, కరెంటు బిల్లు పెరుగుతాయి. అలల పని ట్యాంకు లోపలి వేవ్‌మేకర్లది.

ఇప్పుడు అసలు సంగతి. ఫ్లో వేరు, ఫిల్ట్రేషన్ వేరు అనుకునేవాళ్లతోనే నా గొడవంతా. ఉప్పునీటి ట్యాంకులో ప్రధానమైన ఫిల్టర్ ఎక్కడుంది? డబ్బాలో కాదు, రాళ్లలో ఉంది. 1960ల మొదట్లోనే ఇండోనేషియాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రపు రాళ్లు, గాలి బుడగలు మాత్రమే పెట్టి జీవుల్ని బతికించి చూపించాడు. చిల్లులు చిల్లులుగా ఉండే ఆ రాయి పైపొరలో ఉన్న బ్యాక్టీరియా అమోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆక్సిజన్ అందని లోపలి పొరల్లో మరో రకం బ్యాక్టీరియా నైట్రేట్‌లో కొంత భాగాన్ని నైట్రోజన్ వాయువుగా మార్చి వదిలేస్తుంది. ఇదంతా జరగాలంటే అమోనియా ఉన్న నీళ్లు రాయి దాకా రావాలి. రాయి పైన మురికి మేట వేయకూడదు. అంటే నీళ్లు కదలాలి. ఫ్లో లేని రాయి ఖరీదైన అలంకారం.

కోరల్ సంగతీ అంతే. అది ఉన్నచోటి నుంచి కదల్లేదు. తిండి, ఆక్సిజన్ దాని దగ్గరికే రావాలి, దాని వ్యర్థాల్ని ఎవరో తీసుకుపోవాలి. దాని ఒంటిని అంటుకుని పలుచటి నిలవనీటి పొర ఒకటి ఉంటుంది. ప్రవాహం బలహీనమైతే ఆ పొర మందమవుతుంది, ఇచ్చిపుచ్చుకోవడం మందగిస్తుంది. అందుకే గొట్టంలోంచి చిమ్మినట్టు ఒకే దిక్కున వచ్చే ధార కన్నా, ఒకసారి అటు ఒకసారి ఇటు చిందరవందరగా తిరిగే నీళ్లు దానికి మేలు. పెద్ద వేవ్‌మేకర్ ఒకటి కాకుండా చిన్నవి రెండు, ఎదురెదురుగా, వంతులవారీగా పెట్టుకోమనేది ఇందుకే. వాటిలో ఒకదాన్ని నీటి పైభాగానికి దగ్గరగా పెట్టండి, పైన నీళ్లు ముడతలు పడాలి. ఉప్పునీటిలో మంచినీటి కన్నా ఆక్సిజన్ దాదాపు ఐదో వంతు తక్కువ కరుగుతుంది, అద్దంలా నిశ్చలంగా ఉండే పైపొరని చూసి మురిసిపోకండి.

సంప్‌లోకి వచ్చే నీళ్లని వడకట్టే గుడ్డ సంచి, అదే ఫిల్టర్ సాక్, గురించి మాట్లాడితే నాకు బీపీ పెరుగుతుంది. సాక్ మురికిని పట్టుకుంటుంది, బయట పారెయ్యదు. నీళ్లు దానిగుండానే పోతుంటాయి, ఆ మురికి అక్కడే కుళ్లి నైట్రేట్ అవుతుంది. మూడు నాలుగు రోజులకోసారి మార్చేవాళ్లకి అది మంచి సాధనం. నెలకోసారి గుర్తొచ్చేవాళ్లకి, చెత్త ఊడ్చి మంచం కిందకి తోసినట్టే. మూత బిగించిన డబ్బాలా ఉండే క్యానిస్టర్ ఫిల్టర్‌కి చెడ్డపేరు వచ్చింది కూడా దాని తప్పు వల్ల కాదు, మూత తియ్యని మన బద్ధకం వల్ల.

నీళ్లలోకి సన్నటి బుడగలు వదిలి మురికిని నురగగా తీసేసే స్కిమ్మర్ గొప్పతనం ఇక్కడే. ఉప్పునీటిలో బుడగలు ఒకదానితో ఒకటి త్వరగా కలిసిపోవు, సన్నగా నురగలా నిలుస్తాయి. చేపల వ్యర్థాల్లో ఉండే జిగురు పదార్థాలు ఆ బుడగల గోడలకి అతుక్కుని పైకెక్కి కప్పులో పడతాయి, అమోనియాగా మారకముందే నీళ్లలోంచి బయటికొచ్చేస్తాయి. ఆ కప్పు వాసన మాత్రం అడగొద్దు. అయితే దానికీ మురికి చేరాలి కదా. రాళ్లని వెనక అద్దానికి ఆనించి గోడ కట్టేసి, వెనక నీళ్లు చచ్చుబడిపోయాక, ఎంత పెద్ద స్కిమ్మర్ పెట్టినా దానికి అందేదేముంది? రాళ్లకీ అద్దానికీ మధ్య చెయ్యి దూరేంత ఖాళీ వదలండి.

నేనేదో పుట్టుకతో పండితుణ్నని కాదు ఇదంతా. నా మొదటి సంప్ కథ వినండి. ట్యాంకు పొడవు 120 సెంటీమీటర్లు, వెడల్పు 45. అంటే నీటిమట్టం ఒక్క సెంటీమీటరు దిగితే 5.4 లీటర్లు. రిటర్న్ గొట్టం మూతిని నీటిమట్టానికి 6 సెంటీమీటర్ల కింద పెట్టాను, చూడ్డానికి బాగుంటుందని. ఒక రాత్రి కరెంటు పోయింది. పంపు ఆగిన మరుక్షణం ఆ గొట్టం సైఫన్ అయి ట్యాంకు నీళ్లని వెనక్కి సంప్‌లోకి లాగడం మొదలుపెట్టింది, మూతి గాల్లోకి తేలేదాకా ఆగలేదు. 32 లీటర్లు దిగాయి. సంప్‌లో ఖాళీ ఉన్నది 20 లీటర్లకి. మిగతాది నేల మీద, ఉప్పుతో సహా. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్ ఉందిగా అని ధీమాగా ఉన్నాను, దాని నాలుక్కింద చిన్న నత్త గుల్ల ఇరుక్కుందని తెల్లారాక తెలిసింది. ఇప్పుడు మూతి నీటిమట్టానికి ఒక సెంటీమీటరు కిందే ఉంటుంది, గాలి పీల్చుకోవడానికి గొట్టానికి చిన్న రంధ్రం కూడా పెట్టాను, అది ఉప్పు పేరుకుని మూసుకుపోకుండా వారానికోసారి గుచ్చుతాను. కొత్తగా సంప్ పెట్టినవాళ్లు మీరు ఇంట్లో ఉన్నప్పుడే పంపు స్విచ్ ఆపి చూడండి. ఎక్కడిదాకా నిండిందో సంప్ మీద మార్కర్‌తో గీత గియ్యండి.

ఇంకో పిచ్చి గురించి రెండు ముక్కలు. ఫిల్ట్రేషన్ అంటే నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నా చెయ్యడమని కొందరు స్కిమ్మర్, ఆల్గే రియాక్టర్ (నాచు పెంచే డబ్బా), ఫాస్ఫేట్ మీడియా (ఫాస్ఫేట్‌ని పీల్చేసే పదార్థం) అన్నీ ఒకేసారి బిగిస్తారు. కోరల్స్‌కి ఆ రెండూ కొద్దిగా కావాలి. నిజంగా సున్నా చేసేస్తే రంగు వెలిసిపోతాయి, ఇసుక మీద బుడగలతో జిగట గోధుమరంగు డైనోలు (డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవులు) దిగుతాయి. వాటిని వదిలించుకోవడానికి పట్టిన నెలల్లో నేను నేర్చుకున్న బూతులు ఇక్కడ రాయలేను. నాకు నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎమ్ (పది లక్షల వంతుల్లో అన్ని వంతులు) మధ్య ఉంటే నిద్ర పడుతుంది.

ఇంతకీ ఆ అరగంట ఏం చూడాలని మళ్లీ అడిగారు, మొదట కోపమొచ్చిన ఆయన. స్కిమ్మర్ ఆపి, చేపల మేత పొడిచేసి, ఆ పొడి ఓ చిటికెడు ట్యాంకు నీళ్లలో వెయ్యండి. ఒక్కో రేణువు ఎటు పోతోందో చూడండి. తేలుతూ తిరిగి చివరికి ఓవర్‌ఫ్లోలోకి జారితే సరే. ఏ రాయి వెనకో దిగి అక్కడే కూర్చుంటే వేవ్‌మేకర్ కోణం కాస్త మార్చండి, మళ్లీ వెయ్యండి. ఇసుక ఎగిరి గుంట పడుతుంటే వేగం తగ్గించండి. నాకు మూడు సాయంత్రాలు పట్టింది. నాలుగో సాయంత్రం నుంచి, కోరల్స్ పెరిగి దారి అడ్డొచ్చేదాకా ముట్టుకోలేదు, తర్వాత మళ్లీ మొదటికే.