అన్నీ నిమిషంలోనే.. తప్పితే ఏమవుతుందో చెప్పరేం?

సంక్రాంతికి వారం ముందు ఫోన్ తెరిస్తే సకినాలు చుట్టే వీడియో వస్తుంది. పైకి తోస్తే కొబ్బరి నూనెతో ఇంట్లోనే సబ్బు. ఇంకాస్త తోస్తే మిక్సీలో మయోనీజ్, ఆ వెనకే బాత్‌రూమ్ టైల్స్ మెరిపించే చిట్కా. నాలుగూ నిమిషం లోపే. నాలుగింటికీ అదే హుషారు సంగీతం, చివర్లో అదే నవ్వు. సకినం విరిగితే పిండి పాడవుతుంది. సబ్బులో కాస్టిక్ సోడా ఎక్కువైతే ఒళ్లు కాలుతుంది. ఈ రెండింటికీ ఉన్న తేడా మాత్రం వీడియోలో ఎక్కడా కనిపించదు. ఆన్‌లైన్‌లో చూసి ఇంట్లో చేసుకునే వంటలకైనా, చేతిపనులకైనా అసలు చిక్కు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. కొలత అటూ ఇటూ కావడం చిన్న సంగతి. ఏ పని ఎంత పొరపాటును తట్టుకుంటుందో ఎవరూ చెప్పకపోవడం పెద్ద సంగతి.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. హైదరాబాద్ లాంటి ఊళ్లో ఈ వీడియోలు చేసిన మేలు తక్కువేం కాదు. అమీర్‌పేటలో హాస్టల్ తిండి పడక గది తీసుకున్న కుర్రాళ్లు, అమ్మ కాకినాడలోనో కరీంనగర్‌లోనో ఉండిపోతే నిజాంపేటలో కాపురం పెట్టిన జంటలు పప్పుచారు నేర్చుకున్నది ఫోన్‌లోనే. సంజయ్ తుమ్మ 'వాహ్ చెఫ్'గా ఇంటర్నెట్‌లో వంట నేర్పడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. ఆరుబయట కట్టెల పొయ్యి మీద వండిన మస్తానమ్మను, పెద్ద పెద్ద గిన్నెల్లో వండి అనాథ పిల్లలకు పెట్టిన నారాయణ రెడ్డి తాతను ఎక్కడెక్కడి వాళ్లో చూశారు. 2018లో ఆమె, 2019లో ఆయన పోయినప్పుడు సొంత మనుషులు పోయినట్టే బాధపడ్డారు. పాతకాలంలో నేర్పడం మహా గొప్పగా సాగేదనుకోవడమూ భ్రమే. 'తగినంత ఉప్పు', 'చేతికే తెలుస్తుంది' అని అత్తగారు అక్కడితో ఆపేస్తే మిగతాది కోడలు మాటలు పడి నేర్చుకోవాల్సిందే. మగపిల్లల్నయితే వంటింటి గడప కూడా తొక్కనిచ్చేవాళ్లు కాదు.

కానీ పక్కన నిలబడి నేర్పే మనిషి వల్ల ఒక లాభం ఉండేది. పప్పు ఉడుకుతుంటే సీరియల్ చూస్తూ కూర్చునే ఆవిడే అరిసెల పాకం దగ్గరికొచ్చేసరికి పొయ్యి ముందు నుంచి కదిలేది కాదు. ఎవరైనా పలకరించినా విసుక్కునేది. గిన్నెలో నీళ్లు పోసి పాకం చుక్క వేసి, అది ఉండ కడుతుందా లేదా అని వేళ్లతో నొక్కి చూసేది. ఏ పని దగ్గర నిర్లక్ష్యంగా ఉండొచ్చో, ఏ పని దగ్గర ఉండకూడదో ఆ విసుగును బట్టే పిల్లలకు అర్థమయ్యేది. నిమిషం వీడియోలో విసుగుకు చోటు లేదు.

సకినాలనే తీసుకుందాం. బియ్యం రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంపేసి, తడి ఉండగానే గిర్నీకి పట్టుకెళ్లాలి. గోధుమలు పట్టే మరలో తడి బియ్యం వేయనివ్వరు కాబట్టి దానికి వేరే గిర్నీ వెతుక్కోవాలి. వీడియో చూసే మనిషేమో పద్నాలుగో అంతస్తులో ఉంటుంది. కిందికి దిగితే సూపర్ మార్కెట్, అందులో పొడి బియ్యప్పిండి ప్యాకెట్. వీడియో కింద రాసిన దినుసుల్లోనూ 'బియ్యప్పిండి 2 కప్పులు' అనే ఉంటుంది. సగం పని అక్కడే చెడింది. పొడిగా పట్టిన పిండికి ఎన్ని నీళ్లు చల్లినా తడిపిండికుండే ఆ జారుడు రాదు. నువ్వులు, వాము, ఉప్పు కలిపిన ముద్దను బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య మెలిపెడుతూ వదులుతుంటే తీగ తెగకుండా గుడ్డ మీద చుట్టు తిరగాలి. ప్యాకెట్ పిండయితే రెండో చుట్టు పూర్తికాకుండానే తెగుతుంది. ఇక ఆ నూలు గుడ్డ శుభ్రత కోసమే పరిచారనుకుంటారు చాలామంది. చుట్టిన సకినంలో ఉన్న ఎక్కువ తడిని లాగేసేది అదే. ఆరకముందే ఎత్తితే చేతిలో విరుగుతుంది, విరగకుండా నూనెలో పడ్డా చిటపటమని చిమ్ముతుంది. వీడియోలో గుడ్డ మీది సకినం రెప్పపాటులో మూకుట్లో ఉంటుంది. మధ్యలో ఆరిన సమయమంతా ఎడిటింగ్‌లో పోయింది.

ఇంత చెప్పినా, సకినంతో పెద్ద టెన్షన్ లేదు. విరిగిన ముక్కల్ని అలాగే వేయించుకుని చాయ్‌తో తినేయొచ్చు. 2020 లాక్‌డౌన్‌లో ఊరంతా గిలక్కొట్టిన డాల్గోనా కాఫీదీ అదే తీరు. ఇన్‌స్టంట్ కాఫీ, పంచదార, వేడినీళ్లు సమానంగా వేసి కొడితే నురుగు నిలబడుతుంది. చిక్కటి పంచదార పాకంలో ఆ బుడగలు త్వరగా పగలవు. ఇంట్లో ఉన్నది ఫిల్టర్ కాఫీయే కదా అని డికాక్షన్ పోసి కొట్టినవాళ్లకు జబ్బ నొప్పే మిగిలింది. అంతకు మించి నష్టం లేదు.

ఊరు మారితే కొలత మారుతుందన్నది కూడా ఇలా చెప్పకుండా వదిలేసే విషయమే. ఇడ్లీ పిండి ఎనిమిది గంటల్లో పొంగుతుందని చెన్నైలోనో విజయవాడలోనో తీసిన వీడియో చెబుతుంది. డిసెంబర్, జనవరిల్లో హైదరాబాద్ రాత్రులు 15 డిగ్రీల దాకా చల్లబడినప్పుడు అదే పిండి తెల్లారేసరికి వేసింది వేసినట్టే ఉంటుంది. మే నెలలో అదే ఎనిమిది గంటలకు పుల్లబడి మూత తీస్తేనే వాసన కొడుతుంది. బోరు నీళ్ల మీద ఆధారపడిన కాలనీల్లో నీటిలో సున్నం ఎక్కువ, కందిపప్పు మెత్తబడటానికి ఇంకో రెండు విజిల్స్ పడతాయి. ఇంక కప్పు! అమెరికా కప్పంటే దాదాపు 240 మిల్లీలీటర్లు. మన ఇంట్లో కప్పంటే ఏ సైజుదైనా కావచ్చు. ఒకే కప్పులో మైదాను చెంచాతో వదులుగా నింపితే 120 గ్రాముల చిల్లర, అదిమి నింపితే 150 పట్టొచ్చు. కేకు గట్టిపడటానికి ఆ తేడా చాలు. అందుకే తూకం చెప్పని కేకు వీడియోను నేను చివరిదాకా చూడను.

కేకు విషయంలో మరో సంగతి. పెరుగు, వంట సోడా కలిసే రకాల్లో గ్యాస్ పుట్టడం కలిపిన క్షణం నుంచే మొదలవుతుంది. పిండి కలిపేసి, అప్పుడు పొయ్యి వెలిగించి, గిన్నెకు వెన్న రాసేలోపు ఉన్న బుడగలు కాస్తా పోతాయి. వీడియోలో ఓవెన్ ముందే వేడెక్కి ఉంటుంది, గిన్నె ముందే సిద్ధంగా ఉంటుంది. ఓవెన్ లేనివాళ్లకు కుక్కర్ కేకు ఉండనే ఉంది. కుక్కర్‌లో ఇసుకో ఉప్పో పోసి, నీళ్లు లేకుండా వేడిచేయడం అన్నమాట. గ్యాస్కెట్, విజిల్ తీసేయమని కొందరు చెబుతారు, కొందరు మరిచిపోతారు. నీళ్లు లేకుండా కుక్కర్ పొయ్యి మీద పెట్టొద్దని దానితో వచ్చే పుస్తకాల్లో మామూలుగా ఉండే హెచ్చరికే. ఆ పుస్తకం ఎవరు చదువుతారన్నది వేరే ప్రశ్న.

ఇక్కడి నుంచి వ్యవహారం రుచి దాటి ఆరోగ్యంలోకి వస్తుంది. నగరంలో ఫుడ్ పాయిజనింగ్ ఫిర్యాదులు వచ్చాక తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30 నుంచి పచ్చి గుడ్డుతో చేసే మయోనీజ్ తయారీని, నిల్వను, అమ్మకాన్ని ఏడాది పాటు నిషేధించింది. ఆ ఆదేశం వ్యాపారాలకు. ఇంటి మిక్సీకి వర్తించలేదు. గుడ్డు, నూనె, చెంచాడు వెనిగర్ వేసి గిర్రున తిప్పే వీడియోలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉంటే ఆ కాస్త వెనిగర్‌కు చస్తుందన్న భరోసా లేదు. ఫ్రిజ్‌లో పెడితే పెరగడం నెమ్మదిస్తుందే తప్ప అది చావదు. రంగు మారదు, వాసన రాదు, రుచి బాగానే ఉంటుంది. సకినం తప్పితే కళ్లకు కనిపిస్తుంది. ఇది తప్పితే మర్నాడు ఆసుపత్రిలో తెలుస్తుంది. గుడ్డు బదులు చల్లటి పాలలో నూనె కొద్దికొద్దిగా పోస్తూ మిక్సీ తిప్పినా అలాంటి చిక్కటి క్రీమే వస్తుంది. కానీ ఆ రకానికి, ఈ రకానికి మధ్య ఇంత తేడా ఉందని చెప్పే వీడియో కోసం వెతుక్కోవాలి.

సబ్బు సంగతి ఇంకా సున్నితం. కాస్టిక్ సోడా నూనెతో కలిసి సబ్బవుతుంది, అయితే ఏ నూనెకు ఆ నూనె లెక్క వేరు. 100 గ్రాముల కొబ్బరి నూనెకు సుమారు 18 గ్రాముల సోడా పడుతుంది. పొద్దుతిరుగుడు నూనెకు 13 గ్రాముల చిల్లర చాలు. కొబ్బరి నూనె ఖరీదెక్కువని అదే కొలతతో సన్‌ఫ్లవర్ నూనె పోశారంటే మిగిలిన సోడా సబ్బులోనే ఉండిపోతుంది. అది చర్మాన్ని తినేస్తుంది. కూరలో ఒక నూనెకు బదులు ఇంకో నూనె వాడటం మనకు అలవాటే కాబట్టి ఈ పొరపాటు ఎవరైనా చేస్తారు. సోడాను నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి, సోడా మీద నీళ్లు పోస్తే భగ్గున వేడెక్కి ముఖాన చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నె అసలు పనికిరాదు. కాస్టిక్ సోడా ఆ లోహాన్ని కొరికి హైడ్రోజన్ వాయువును వదులుతుంది. కోసిన సబ్బును నాలుగైదు వారాలు ఆరనివ్వాలి. పూలరేకులు చల్లి అందంగా తీసిన వీడియోలో ఇవేవీ ఉండవు.

ఇల్లు కడిగే చిట్కాల్లో రెండు రకాలున్నాయి. వంట సోడా మీద వెనిగర్ పోస్తే బుసబుసా పొంగుతుంది, చూడటానికి భలేగా ఉంటుంది. పొంగు తగ్గాక మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే, రెంటి బలమూ పోయినట్టే. మహా అయితే చెయ్యి నొప్పి. రెండోది బ్లీచింగ్ పౌడర్‌నూ టాయిలెట్ కడిగే యాసిడ్‌నూ కలిపి వాడమనే రకం. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మన అపార్ట్‌మెంట్ బాత్‌రూమ్‌లకు ఉన్న చిన్న వెంటిలేటర్‌తో అది తొందరగా బయటికి పోదు. ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. పక్కపక్కనే పెట్టి చూస్తే రెండు వీడియోలకూ తేడా కనిపెట్టలేం. ముఖానికి నిమ్మరసం రాసుకోమనే చిట్కానూ ఇందులోనే చేర్చాలి. ఆ రసంతో ఏప్రిల్ ఎండలో బయటికెళితే చర్మం కాలినట్టు నల్లటి మచ్చలు, ఒక్కోసారి బొబ్బలు వస్తాయి.

వీడియో తీసేవాళ్లంతా మోసగాళ్లని నేననను. చూసేవాళ్లలో చేసేవాళ్లు కొందరే. వీడియోకు డబ్బులొచ్చేది చూసినందుకు, ఇంట్లో కుదిరినందుకు కాదు. కాబట్టి చూపు తిప్పుకోనివ్వకపోవడమే అక్కడ పనితనం. జాగ్రత్త చెప్పడానికి పట్టే పది సెకన్లలో జనం పైకి తోసేస్తారు. ఆస్ట్రేలియాకు చెందిన ఫుడ్ సైంటిస్ట్ ఆన్ రియర్డన్ ఇలాంటి వైరల్ వంటల్ని, కిటుకుల్ని తన వంటింట్లో చేసి చూపించి, కుదరనివాటిని కుదరవని, ప్రమాదకరమైనవాటిని ప్రమాదకరమని చెబుతూ వస్తోంది. పాత మైక్రోవేవ్ నుంచి తీసిన ట్రాన్స్‌ఫార్మర్‌తో చెక్క మీద కరెంటు డిజైన్లు కాల్చే పని మనుషుల ప్రాణాలు తీస్తోందని ఆమె హెచ్చరిస్తే, 2022లో యూట్యూబ్ ఆ హెచ్చరిక వీడియోనే తీసేసింది. గొడవయ్యాక మళ్లీ పెట్టింది.

ఖర్చు గురించి ఒక్క ముక్క. 'బయట కొనేదానికంటే చవక' అన్నది రోజూ చేసుకునేవాటికి నిజం. ఒక్కసారి చేసి అటకెక్కించేవాటికి కాదు. బేగంబజార్‌లో కేకు అచ్చులు, నాజిల్స్, సిలికాన్ మౌల్డులు కొనుక్కున్న ఇళ్లలో అవి ఎన్నిసార్లు కిందికి దిగాయో ఆ ఇంటివాళ్లనే అడగండి. సరదాకు కొన్నామంటే పేచీ లేదు, పొదుపు అనొద్దు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆ తర్వాతి మెట్టు. నాలుగుసార్లు బాగా కుదిరితే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫొటో పడుతుంది, ఆర్డర్లు మొదలవుతాయి. కేకులు, పచ్చళ్లు, చాక్లెట్లు, ఈమధ్య కుంకుమపువ్వు సబ్బులు. బయట ఉద్యోగం చేసే వీల్లేని ఆడవాళ్లకు అది నిజమైన సంపాదన, దాన్ని తక్కువ చేయకూడదు. అయితే 2006 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం ఇంట్లో వండి అమ్మేవాళ్లకు కూడా ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బా మీద ఆ 14 అంకెల నంబర్ ఉండాలి. ఒంటికి రాసుకునేవి తయారుచేసి అమ్మాలంటే సౌందర్య సాధనాల లైసెన్స్ వేరే కావాలి. పక్క ఫ్లాట్ అక్కను నంబర్ అడగడం మనకు మొహమాటం. ఆవిడకూ ఆ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. వంట నేర్పిన వీడియోలో అమ్మకం గురించి ఉంటే గింటే ఎంత మిగులుతుందో ఉంటుంది. తన వంటింట్లో తను తిని చూసుకున్నంత వరకు తప్పు తనదే, నష్టమూ తనదే. గ్రూపులో ఆర్డర్ తీసుకున్న రోజు నుంచి ఆ తప్పు ఎవరి పిల్లల పుట్టినరోజు నాడు బయటపడుతుందో తెలియదు.