సాంకేతిక సార్వభౌమత్వాన్ని రోజుల్లో లెక్కగట్టాలి

2022 మార్చిలో వీసా, మాస్టర్‌కార్డ్ రష్యాలో కార్యకలాపాలు ఆపేశాయి. అయినా అక్కడి బ్యాంకులు ఇచ్చిన కార్డులు దేశం లోపల గీకితే పనిచేస్తూనే ఉన్నాయి. చెల్లకుండా పోయింది సరిహద్దు దాటాకే. దీనికి కారణం 2014లో ఉంది. ఆ ఏడాది ఆంక్షలతో కొన్ని బ్యాంకుల కార్డులు ఉన్నట్టుండి ఆగిపోయాయి. దాంతో దేశీయ లావాదేవీలను సొంత స్విచ్ (బ్యాంకుల మధ్య చెల్లింపులను దారి మళ్లించే వ్యవస్థ) మీదుగా నడిపే ఏర్పాటు మొదలుపెట్టి, మరుసటి ఏడాదికి అమల్లోకి తెచ్చారు. కార్డు మీది బ్రాండు అలాగే ఉంది, లెక్క తేలే చోటు మారింది.

సాంకేతిక సార్వభౌమత్వం, అంటే మనం వాడే వ్యవస్థలు మన అదుపులో ఉండటం అనగానే అన్నీ మనమే తయారుచేసుకోవాలనే వాదన వినిపిస్తుంది. అది ఎవరివల్లా అయ్యే పని కాదు. అత్యాధునిక చిప్పుల మీద అతి సన్నని గీతలను కాంతితో ముద్రించే ఈయూవీ యంత్రాలు చేసేది నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎంఎల్ ఒక్కటే. ఆ కంపెనీకి కూడా అద్దాలు జర్మనీలోని జైస్ నుంచి, లేజర్ ట్రంఫ్ నుంచి రావాలి. కాబట్టి అడగాల్సింది వేరే: అవతలివాళ్లు రేపు కాదంటే మన పని ఎన్ని రోజులు నడుస్తుంది, వేరే చోటికి మారడానికి ఎన్ని రోజులు పడుతుంది? మొదటి అంకె రెండోదానికంటే చిన్నదైతే మన చేతిలో ఏమీ లేనట్టే.

డేటా మన గడ్డ మీదే ఉంది కదా అన్న ధీమా కూడా చాలదు. అమెరికా కంపెనీ అధీనంలో ఉన్న డేటా ఏ దేశపు సర్వర్‌లో ఉన్నా, అమెరికా అధికారులు చట్టప్రకారం అడిగితే ఇవ్వాల్సిందేనని 2018 నాటి క్లౌడ్ యాక్ట్ చెబుతోంది. పోనీ అంతా సొంతమే అనుకుందాం. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్ బ్యాటరీల నుంచి చెలరేగిన మంటల్లో కాలింది. ఉద్యోగుల ఫైళ్లు దాచే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్లు పోయాయి. బయట బ్యాకప్ లేదు.

ఇక వ్యాపార సంస్థల సంగతి. క్లౌడ్‌లో, అంటే బయటి కంపెనీ అద్దెకిచ్చే సర్వర్లలో, 500 టెరాబైట్లు ఉన్నాయి, వాటిని బయటికి తెచ్చుకోవాలనుకోండి. సెకనుకు ఒక గిగాబిట్ లైన్ పూర్తి వేగంతో, ఆగకుండా నడిచినా రోజుకు 10.8 టెరాబైట్లే దిగుతాయి. అంటే 46 రోజులు. పైగా పూర్తి వేగం కాగితం మీదే. యూరప్ డేటా చట్టం క్లౌడ్ మారే కస్టమర్‌కు నోటీసు గడువు తర్వాత మామూలుగా ఇచ్చే వ్యవధి 30 రోజులు. అందుకే రెండో ప్రతి ముందునుంచే బయట ఉండాలి, రోజూ మారిన మేరకు దానికి చేరుతుండాలి.

ప్రతి ఉంటే సరిపోదు, కీ కూడా ఉండాలి. ఎన్‌క్రిప్షన్ కీ (డేటాను చదవకుండా వేసిన రహస్య తాళానికి తాళంచెవి) క్లౌడ్ కంపెనీ సర్వీసులోనే ఉంటే, ఖాతా స్తంభించిన రోజు ఆ బ్యాకప్ తెరుచుకోదు. కీని సొంత హెచ్ఎస్ఎంలో, అంటే కీలను భద్రంగా దాచే ప్రత్యేక పరికరంలో పెట్టుకోవచ్చు. కానీ అది పాడైనప్పుడు మరోచోట నకలు లేకపోతే మన డేటాకు మనమే తాళం వేసుకున్నట్టు. అన్నిటికంటే ఎక్కువగా మరిచిపోయేది లాగిన్. సర్వర్ మన గదిలోనే ఉన్నా, లోపలికి వెళ్లేందుకు అనుమతి బయటి ఐడెంటిటీ సర్వీసు (లాగిన్ అయ్యేది ఎవరో సరిచూసే సేవ) నుంచి రావాలంటే, అది ఆగగానే అడ్మిన్ కూడా గుమ్మం బయటే. దాని మీద ఆధారపడని అత్యవసర ఖాతాలు కనీసం రెండు ఉండాలి. పాస్‌వర్డ్ కవరులో వేసి సీలు వేయాలి, మూడు నెలలకోసారి తెరిచి పనిచేస్తోందో లేదో చూడాలి.

వీటన్నిటికీ ఖర్చవుతుంది కాబట్టి అన్ని వ్యవస్థలకూ చేయనక్కర్లేదు. చెల్లింపులు, ఆర్డర్లు, ఉత్పత్తి నియంత్రణ లాంటివి ముందు. సమావేశాల క్యాలెండర్ అద్దెకు తీసుకున్నదైనా కొంప మునగదు.

ఏడాదికోసారి నిజంగానే ఆ ముఖ్య వ్యవస్థలకు బయటి కంపెనీలతో ఉన్న లింకు తెంచి చూడాలి. మొదటిసారి ఏదో ఒకటి ఆగడం మామూలే: కోడ్‌లో నేరుగా రాసేసిన చిరునామా, గడువు తీరిన సర్టిఫికెట్ (సర్వర్ అసలైనదేనని చూపే డిజిటల్ పత్రం), విక్రేత సర్వర్‌ను పలకరించనిదే లేవని లైసెన్సు. ఈ చివరిదాన్ని ఏ ఇంజినీరూ రాత్రికి రాత్రి సరిచేయలేడు. ఇంటర్నెట్ లేకుండా కనీసం 90 రోజులు నడవాలన్న షరతు కొనేటప్పుడే ఒప్పందంలో రాయించుకోవాలి.