“క్యాట్ 8 కొనండి, పూత రాగి అయినా చాలు” అన్న సందేశానికి జవాబు

ఇంట్లో నెట్ కేబుళ్లు మార్చుకునేవాళ్లకు సలహా అంటూ విజయవాడ, గుంటూరు అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. అందులోని మాటలు ఇవి: క్యాట్ 8 (క్యాట్ అంటే కేబుల్ తరగతి) అని రాసి ఉన్న కేబుల్ వేస్తే స్పీడు పెరుగుతుంది. లోపల అల్యూమినియం ఉన్నా పైన రాగి పూత ఉంటే చాలు, సిగ్నల్ ఎటూ పైపొరలోనే పోతుంది. షీల్డు (తీగల చుట్టూ లోహపు రేకు) ఉన్నది ఎప్పుడూ మేలు. టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వెలిగితే కేబుల్ మంచిదే. అసలుకీ నకిలీకీ తేడా ఇంట్లో కనిపెట్టలేం, కాబట్టి చవకది తీసుకోండి.

వీటిలో ఒక్కదానిలో సగం నిజం ఉంది. నమ్మి మోసపోయేది కూడా ఆ సగం నిజం వల్లే, కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

“రాగి పూత ఉంటే చాలు.”

ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ కరెంటు తీగ ఉపరితలానికి చేరుతుందన్న మాట నిజమే. కానీ ఎంత లోతు వరకు అన్నది లెక్క వేయాలి. రాగిలో ఆ లోతు 100 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 6.6 మైక్రాన్లు, 1 మెగాహెర్ట్జ్ దగ్గర 66 మైక్రాన్లు. సీసీఏ అనే పూత తీగలో రాగి ఘనపరిమాణం 10 శాతం అనుకుంటే, అర మిల్లీమీటరు తీగ మీద పూత మందం 13 మైక్రాన్లకు మించదు. అంటే 25 మెగాహెర్ట్జ్‌కు దిగువన కరెంటు అల్యూమినియంలోకి దిగుతుంది. గిగాబిట్ సిగ్నల్‌లో గణనీయమైన భాగం ఉండేది ఆ దిగువనే.

అదే కేబుల్లో కెమెరాకో, వైఫై యాక్సెస్ పాయింట్‌కో కరెంటు కూడా పంపితే (పీఓఈ అంటాం) పూత వాదన పూర్తిగా కూలిపోతుంది. అది డీసీ. తీగ మొత్తంలో ప్రవహిస్తుంది, అల్యూమినియం వాహకత రాగిలో 61 శాతమే. 24 గేజ్ (గేజ్ తీగ మందం కొలత, అంకె తగ్గేకొద్దీ తీగ లావు) రాగి తీగ నిరోధం 100 మీటర్లకు 8.4 ఓముల దగ్గర ఉంటుంది, ప్రమాణం 9.38 వరకు ఒప్పుకుంటుంది. అదే మందం సీసీఏ 13 దాటుతుంది. 30 వాట్ల పీఓఈలో పోవడానికి రెండు తీగలు, రావడానికి రెండు తీగలు కలిసి పనిచేస్తాయి, కాబట్టి రానూపోనూ నిరోధం ఒక్క తీగ నిరోధమంతే అవుతుంది. దానికి 12.5 ఓములే హద్దు. ఎండకు నిరోధం ఇంకా పెరుగుతుంది: 20 డిగ్రీల దగ్గరున్న తీగ 60 డిగ్రీలకు వేడెక్కితే రాగికి కూడా 16 శాతం అదనం. మే నెలలో బెజవాడ డాబా మీద పైపులో పడి ఉన్న కేబుల్‌ను ఊహించుకోండి. పగలంతా బాగా పనిచేసే కెమెరా రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగగానే ఆగి మళ్లీ మొదలవుతుంటే, ముందు అనుమానించాల్సింది ఈ వోల్టేజీ నష్టాన్నే. చాలా ఇళ్లలో కేబుల్‌ను వదిలేసి కెమెరాను మార్చేస్తారు.

ఇంకో చిక్కు కొస దగ్గర వస్తుంది. అల్యూమినియం గాలి తగిలితే ఆక్సైడు పొర కడుతుంది, జాక్ బ్లేడు ఒత్తిడికి మెల్లగా జారి సాగిపోతుంది. బిగించిన రోజు బాగుండి, కొన్ని నెలల తర్వాత లింకు తెగుతూ కలుస్తూ ఉండటానికి ఇదొక కారణం. పైపులో లాగేటప్పుడు తెగిపోవడమూ ఎక్కువే. ఈ కారణాలతోనే టీఐఏ (అమెరికా టెలికాం పరిశ్రమ సంఘం) పెట్టిన 568 కేబుల్ ప్రమాణం సీసీఏను ఒప్పుకోదు. సీసీఏ మీద క్యాట్ 6 అని అచ్చు వేసినా అది క్యాట్ 6 కాదు. గదిలోనే 10 మీటర్ల దూరానికి అది ఈరోజు గిగాబిట్ ఇవ్వవచ్చు, కాదనం. గోడలో పూడ్చేదానికి మాత్రం వద్దే వద్దు.

“క్యాట్ 8 వేస్తే స్పీడు పెరుగుతుంది.”

పెరగదు. మీ ప్లాన్ 300 ఎంబీపీఎస్ అయితే సరైన క్యాట్ 5ఈ కూడా దాన్ని పూర్తిగా మోస్తుంది. క్యాట్ 5ఈ 100 మీటర్ల దాకా 1 గిగాబిట్‌కు సరిపోతుంది, 2016లో వచ్చిన 802.3బీజడ్ ప్రమాణం ప్రకారం 2.5 గిగాబిట్‌కు కూడా. క్యాట్ 6 మీద 10 గిగాబిట్ 55 మీటర్ల వరకు వెళ్తుంది, కేబుళ్లు గుత్తులుగా కట్టి ఉంటే 37కు తగ్గుతుంది. 100 మీటర్లకూ 10 గిగాబిట్ కావాలంటే క్యాట్ 6ఏ. క్యాట్ 8ను 30 మీటర్ల లోపు 25, 40 గిగాబిట్ల కోసం, డేటా సెంటర్ల కోసం రాశారు. క్యాట్ 7ను టీఐఏ అసలు గుర్తించలేదు. ఐఎస్ఓ ప్రమాణంలో దానికి చెప్పిన కనెక్టర్లు వేరు, మనం రోజూ చూసే ఆర్‌జే45 నెట్ జాక్ కాదు. కాబట్టి ఆర్‌జే45 బిగించి క్యాట్ 7 అని అమ్మే సన్నటి బల్లపరుపు కేబుల్ ఆ ప్రమాణానికి సరిపోయే వస్తువు కాదు. తీగ జతల మెలికలే క్రాస్‌టాక్‌ను (ఒక జత సిగ్నల్ పక్క జతలోకి చొరబడటాన్ని) ఆపుతాయి, బల్లపరుపుగా చేస్తే మెలికలు దెబ్బతింటాయి.

మా మాట: ఇంటికి 23 గేజ్, పోగులు కాకుండా ఒంటి తీగగా ఉన్న పూర్తి రాగి, షీల్డు లేని క్యాట్ 6. అంతకన్నా పైకి వెళ్లాల్సిన ఇల్లు అరుదు.

“షీల్డు ఉన్నది ఎప్పుడూ మేలు.” షీల్డుకు తగ్గ జాకులు, సరైన ఎర్తింగ్ ఉంటేనే. ఆ రెండూ లేకుండా డబ్బు పోవడమే తప్ప లాభం లేదు. కరెంటు వైర్లున్న పైపులో లాన్ కేబుల్ వేయకుండా వేరే పైపు పెట్టించడం అంతకంటే ముఖ్యం.

“ఎనిమిది లైట్లూ వెలిగితే మంచిదే.”

లైట్ల టెస్టర్ చెప్పేది ఒక్కటే: తీగ ఈ కొస నుంచి ఆ కొసకు తెగకుండా ఉంది. నాణ్యత గురించి ఏమీ చెప్పదు. రంగులను జతజతగా వరసలో పెట్టి (1-2, 3-4, 5-6, 7-8) రెండు కొసలకూ ఒకేలా జాక్ బిగిస్తే (క్రింప్ చేస్తే) లైట్లన్నీ వరసగా వెలుగుతాయి, నెట్ మాత్రం కుంటుతుంది. ఎందుకంటే 3, 6 పిన్నులు ఒకే జతవి కావాలి. ప్రమాణంలోని సరైన వరసల్లో ఒకటైన బి వరస (టీ568బి) ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. కొస దగ్గర మెలిక విప్పేది 13 మిల్లీమీటర్లు దాటకూడదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు నీళ్లలో నానిన కింది అంతస్తు పైపులకూ ఇదే వర్తిస్తుంది. తొడుగు లోపలికి నీరు చేరిన కేబుల్‌కు కూడా లైట్లు వెలుగుతాయి, కానీ సిగ్నల్ నష్టం పెరుగుతుంది. కొసలు కత్తిరించి మళ్లీ క్రింప్ చేస్తే సరిపోదు, కేబుల్ మార్చాల్సిందే.

అసలు పరీక్ష లింకు స్పీడు. ల్యాప్‌టాప్‌ను ఆ కేబుల్‌కు కలిపి నెట్‌వర్క్ సెట్టింగుల్లో 1000 చూపిస్తోందా, 100 చూపిస్తోందా చూడండి. 300 ప్లాన్‌లో స్పీడ్ టెస్ట్ ఎప్పుడూ 94, 95 దగ్గరే ఆగితే లింకు 100కు పడిపోయింది: నీలం, గోధుమ జతల్లో ఏదో ఒక తీగ అందడం లేదు, లేదా ఒక కొసనున్న పరికరమే 100ది. చాలా స్మార్ట్ టీవీల లాన్ పోర్టు 100దే, దానికి కేబుల్‌ను నిందించకండి.

“తేడా ఇంట్లో కనిపెట్టలేం.”

ఇది పూర్తిగా తప్పు. ముందు తూకం. 23 గేజ్ క్యాట్ 6, 305 మీటర్ల డబ్బాలో రాగి ఒక్కటే 5.6 కిలోలు ఉండాలి, దానిమీద ప్లాస్టిక్ బరువు. మొత్తం డబ్బా 7 కిలోలే తూగితే అందులో అంత రాగికి చోటు లేదు.

తర్వాత చాకు. తీగ కొసను గీకండి. లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం. పైన తెల్లగా ఉండి లోపల ఎర్రగా ఉంటే అది తగరం పూసిన రాగి, భయం లేదు. అయస్కాంతానికి అంటుకుంటే లోపల ఉక్కు.

గీకితే ఎర్రగానే ఉన్నా తీగ సన్నం చేసి ఉండవచ్చు, దానికి మల్టీమీటరు ఉంది. 100 మీటర్ల చుట్టలో ఒక కొసన ఒకే జత తీగలు రెండింటినీ కలిపి మెలిపెట్టండి, రెండో కొసన ఓములు చూడండి, మీటరు తీగల సొంత నిరోధం తీసేయండి. 23 గేజ్ రాగికి 13, 14 మధ్య వస్తుంది, 24 గేజ్‌కు 17 దగ్గర. 20 దాటితే వెనక్కి ఇచ్చేయండి. అంతకుముందే తొడుగు మీది మీటరు గుర్తులు మొదట్లో, చివర్లో చూసి తీసివేయండి. చుట్ట 90 మీటర్లే ఉంటే ఓముల లెక్కా మారుతుంది.

తొడుగు మీద రకం, గేజ్, జతల సంఖ్య, టీఐఏ ప్రమాణం పేరు స్పష్టంగా అచ్చయి ఉండాలి. యూఎల్ లేదా ఈటీఎల్ అనే పరీక్షా సంస్థల గుర్తు ఉంటే ఆ సంస్థల వెబ్‌సైట్లలో తయారీదారు పేరు వెతకండి. దొరక్కపోతే ఆ గుర్తును లెక్కలోకి తీసుకోవద్దు.

“చవకది తీసుకోండి” అన్నదానికి జవాబు కొలతల్లోనే ఉంది. రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో అయిదారు పాయింట్లకు, ఒక్కోదానికి 15 మీటర్ల చొప్పున, 100 మీటర్ల చుట్ట సరిపోతుంది. 305 మీటర్ల డబ్బా కెమెరాలు పెట్టే విడి ఇంటికి. 25 మిల్లీమీటర్ల పైపులో నాలుగు కేబుళ్లకు మించి తోయకండి. ఏలూరు రోడ్డులో కొన్నా బ్రాడీపేటలో కొన్నా బిల్లు మీద మోడల్ నంబరుతోపాటు “పూర్తి రాగి” అని రాయించుకోండి. రాయనంటే ఇంకో దుకాణానికి వెళ్లండి.