రాడార్ డిటెక్టర్ మన హైవేకి పనికొస్తుందా?

కారు అద్దం దగ్గర పెట్టుకునే చిన్న డబ్బా అది. ముందెక్కడో పోలీసుల స్పీడ్ గన్ నుంచి రాడార్ తరంగాలు వస్తుంటే పసిగట్టి బీప్ అంటుంది. అమెరికాలో మామూలుగా దొరికే వస్తువే. మరి గుంటూరు నుంచి వారం వారం హైదరాబాద్ వెళ్లొచ్చే మనిషి దాన్ని కొనుక్కోవాలా? ఈ విషయం మీద ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించాను. ఒకరు గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. రెండోవాడు ఆయన మేనల్లుడు కిరణ్, డాలస్‌లో ఉద్యోగం, సంక్రాంతికి వచ్చాడు. మనుషులు కల్పితం. వాళ్ల నోట వచ్చే చట్టం, సాంకేతిక విషయాలు మాత్రం కల్పితం కావు.

మావయ్య: నేను అడిగింది ఒక్కటే వస్తువురా. మీ అత్తకు సెంట్లు, పిల్లలకు చాక్లెట్లు అన్నీ గుర్తున్నాయి. అది మాత్రం తేలేదు. నీ కారులో పెట్టుకున్నావుగా?

కిరణ్: పెట్టుకున్నాను మావయ్యా. అక్కడ బాగానే పనిచేస్తుంది. ఇక్కడ పనిచెయ్యదని తెలిసే తేలేదు. మంచిది కావాలంటే నాలుగైదు వందల డాలర్లు. అంత పోసి మీ చేతిలో ఉత్త డబ్బా పెట్టమంటారా?

మావయ్య: డబ్బు సంగతి నేను చూసుకుంటాను. అక్కడ పనిచేసేది ఇక్కడెందుకు పనిచెయ్యదు? ఎక్కడైనా పోలీసు మిషన్ ఒకటేగా?

కిరణ్: ఒకటి కాదు. టెక్సాస్ హైవే పోలీసు కార్లలో రాడార్ వాడకం ఎక్కువ. కేఏ బ్యాండ్ అంటారు, 33.4 నుంచి 36 గిగాహెర్ట్జ్ మధ్య. ఆ తరంగం కారుకు తగిలి తిరిగొచ్చినప్పుడు ఫ్రీక్వెన్సీ ఎంత మారిందో చూసి వేగం లెక్కగడతారు. అది వెడల్పుగా పరుచుకుంటుంది, దారిలో ఉన్న వాహనాలన్నిటికీ తగిలి చెల్లాచెదురవుతుంది. పోలీసు దాకా తిరిగి వెళ్లాలంటే రానూపోనూ ప్రయాణం. నా డిటెక్టర్‌కి రావడం ఒక్కటే చాలు. అందుకే వాళ్లు నా వేగం చదివేలోపే, రోడ్డు తిన్నగా ఉంటే చాలా ముందుగానే, నాకు బీప్ వినపడుతుంది.

మావయ్య: నాకు కావాల్సిందీ అదేగా!

కిరణ్: మొన్న మీకు పడిన చలానా ఫోన్‌లో ఉందా? ఆ ఫొటో తీయండి. కొంచెం పెద్దది చెయ్యండి. మీ నంబర్ ప్లేటు దగ్గర ప్లస్ గుర్తు కనపడుతోందా? కింద చదవండి. వేగం 97, లిమిట్ 80, ఆ పక్కన దూరం 214 మీటర్లు. ఈ దూరం ఉందే, అదే సాక్ష్యం. చేతిలో పట్టుకునే మామూలు రాడార్ గన్ దూరం కొలవదు. మిమ్మల్ని పట్టింది లేజర్. కంటికి కనపడని కాంతిని తెరలు తెరలుగా కొట్టి, వెనక్కి రావడానికి పట్టిన సమయం బట్టి దూరం, ఆ దూరం తగ్గుతున్న తీరు బట్టి వేగం తేలుస్తుంది.

మావయ్య: ఏదైతే ఏంటి? డబ్బా పసిగట్టాలి, నాకు చెప్పాలి.

కిరణ్: మూడు వందల మీటర్ల దూరంలో కూడా లేజర్ కిరణం వెడల్పు ఇంచుమించు ఒక మీటరే. ఒక్క కారు మీదే పడుతుంది. రాడార్ గుడి మైకులాంటిది, ఊరంతా వినపడుతుంది. లేజర్ చెవిలో చెప్పే మాట. మీ చెవిలో చెప్పేదాకా మీకు తెలియదు, తెలిసేసరికి వాళ్ల పని అయిపోతుంది. గన్‌కి అర సెకను కూడా అక్కర్లేదు. వంద మీద వెళ్లే కారు సెకనుకు 28 మీటర్లు దాటేస్తుంది. మీరు బీప్ విని కాలు బ్రేకు మీదికి తెచ్చేలోపు ఫొటో పడిపోతుంది.

మావయ్య: లేజర్ని కూడా పట్టే డబ్బాలున్నాయంటగా?

కిరణ్: ఉన్నాయి. నా దాంట్లోనూ ఉంది. అది చెప్పేది మీ మీద లేజర్ పడిందని, పడబోతోందని కాదు. ముందు వెళ్లే కారును కొట్టినప్పుడు చెదిరిన వెలుతురు కాస్త మీ అద్దానికి తగిలితే అప్పుడు ముందుగా తెలిసినట్టు. మన హైవే మీద మీ ముందు ఎప్పుడూ లారీ ఉంటుంది. దాన్ని వదిలేసి మీ కారునే కొడతారు.

మావయ్య: స్తంభాల మీద కెమెరాలు కూడా లేజరేనా?

కిరణ్: కాదు. కొన్నిటికి రాడార్ ఉంటుంది, అది ఒప్పుకుంటాను. కానీ వాటిలో కొన్ని చాలా తక్కువ పవర్‌తో నడుస్తాయి. దాదాపు కెమెరా కిందకి వచ్చేదాకా మామూలు డిటెక్టర్ పట్టలేదు. ఇక ముంబయి-పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీద సగటు వేగం కూడా చూస్తున్నారు. ఒక చోట నంబర్ ప్లేటు ఫొటో తీస్తారు, ఇంకో చోట మళ్లీ తీస్తారు, మధ్య దూరాన్ని పట్టిన సమయంతో భాగిస్తారు. అక్కడ పసిగట్టడానికి తరంగమే ఉండదు.

మావయ్య: నీ డాలస్‌లో మాత్రం అన్నీ చక్కగా పనిచేస్తాయి!

కిరణ్: అక్కడా తలనొప్పే. కే బ్యాండ్ అని 24 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మాల్స్‌లో వాటంతటవే తెరుచుకునే తలుపులు, పక్క కారులో బ్లైండ్ స్పాట్ సెన్సర్లు, చాలావరకు అందులోనే. దాంతో ఊరికే మోగుతూ ఉంటుంది. అందుకే కొనేవాళ్లు ఎంత దూరం నుంచి పడుతుందన్నది ఒక్కటే చూడరు. అబద్ధపు సిగ్నళ్లను ఎంత బాగా వడకడుతుంది? జీపీఎస్ ఉందా, రోజూ ఒకే చోట వచ్చే మోతను గుర్తుపెట్టుకుని ఆపేస్తుందా? సిగ్నల్ ముందు నుంచా, వెనక నుంచా చూపించే బాణాలున్నాయా? వాలెంటైన్ వన్ అనే మోడల్‌కి ఆ బాణాలతోనే పేరు. మీకు తెచ్చిస్తే బందరు రోడ్డులో షోరూముల ముందు మోగుతుంది, హైవే మీద లేజర్ దగ్గరికొచ్చేసరికి ముందుగా ఒక్క మాట చెప్పదు.

మావయ్య: సరే, టెక్నాలజీ నీకు తెలుసు. నా బాధ నీకు తెలియదు. నాలుగు లైన్ల రోడ్డు, ఎనభై అని రాసిన బోర్డు చెట్టు కొమ్మల వెనకాల ఉంటుంది. ఊరొస్తే అరవై అంటారు. ఊరు దాటాక మళ్లీ ఎంతో చెప్పే బోర్డు ఉండదు. ఫ్లైఓవర్ దిగే చోట, పల్లానికి కారు దానంతటదే వేగం అందుకునే చోట, బండి పక్కన పెట్టి నీడలో నిలబడతారు. ఊళ్ల దగ్గర క్రాసింగుల్లో, నిజంగా జనం చచ్చిపోయే చోట ఒక్కళ్లూ కనపడరు. చలానా డబ్బు నాకు లెక్క కాదు. దొంగను పట్టుకున్నట్టు పట్టుకోవడం ఉందే, అది మండుతుంది.

కిరణ్: చలానా డబ్బుతో పోయేది కాదు మావయ్యా. మోటారు వాహనాల చట్టం 183 సెక్షన్ ప్రకారం కారుకు వెయ్యి నుంచి రెండు వేలు. రెండోసారి దొరికితే లైసెన్సే తీసుకోవచ్చు.

మావయ్య: అందుకేగా డబ్బా కావాలంటున్నా! అయినా నాకు అర్థంకానిది ఒకటుంది. ముందు కెమెరా ఉందని గూగుల్ మ్యాప్స్ చెబుతోంది. నువ్వూ వింటున్నావు. ఫోన్ చెబితే తప్పు లేదు, డబ్బా చెబితే తప్పా?

కిరణ్: స్తంభం మీద కెమెరా దాచిపెట్టింది కాదు. ఇక్కడ వేగం తగ్గించండి అని చెప్పడానికే ఉంది. దాన్ని మ్యాప్స్ చెప్పినా, బోర్డు చెప్పినా ఒకటే. డిటెక్టర్ అమ్మేది వేరే ధైర్యం. అది మోగనంతసేపూ ఎంతైనా పోవచ్చు అన్న ధైర్యం.

మావయ్య: మోగితే కాలు తీస్తారుగా? తీస్తే వేగం తగ్గినట్టేగా?

కిరణ్: మీరు కాలు తియ్యరు, బ్రేకు మీద నిలబడతారు. వెనక చిలకలూరిపేట నుంచి లోడుతో వచ్చే లారీ డ్రైవర్‌కి మీ బీప్ వినపడదు. మీరు ఎందుకు ఆపారో ఆయనకి అర్థమయ్యేలోపే మీ డిక్కీలోకి వచ్చేస్తాడు.

మావయ్య: చట్టం ఒప్పుకోబట్టేగా అక్కడ అమ్ముతున్నారు?

కిరణ్: టెక్సాస్‌లో సొంత కారులో పెట్టుకుంటే తప్పు లేదు. వర్జీనియాలో నిషేధం. పెద్ద కమర్షియల్ ట్రక్కుల్లో అయితే అమెరికా అంతటా నిషేధమే. ఫ్రాన్స్‌లోనూ నిషేధమే. అక్కడుంది కాబట్టి మంచిదే అనడానికి లేదు.

మావయ్య: జామర్ అని ఇంకోటి ఉందంట?

కిరణ్: దాని జోలికి వెళ్లకండి. డిటెక్టర్ వినడమే చేస్తుంది. జామర్ ఎదురు సిగ్నల్ పంపి గన్‌ని చెడగొడుతుంది. రాడార్ జామర్ అమెరికాలోనే ఫెడరల్ నేరం. మన దగ్గర ప్రభుత్వ అనుమతి లేకుండా జామర్ పెట్టుకోవడం కుదరదు. అసలు ఇంత తంటా దేనికి? 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందులో డెబ్బై శాతానికి పైగా అతివేగం వల్లే అని కేంద్రం లెక్క.

మావయ్య: ఆ లెక్కలు ఎట్టా రాస్తారో నాకు చెప్పకు. ఎఫ్ఐఆర్‌లో అందరికీ ఒకటే వాక్యం, "అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి". గుంతలో పడ్డా అతివేగమే. రాంగ్ రూట్లో ట్రాక్టర్ ఎదురొచ్చినా అతివేగమే.

కిరణ్: సరే, శాతాలు పక్కన పెట్టండి. ఎనభై నుంచి వందకి వెళ్తే వేగం పెరిగేది పాతిక శాతం. గుద్దే శక్తి పెరిగేది యాభై ఆరు శాతం. దాన్ని ఎఫ్ఐఆర్ రాసేవాళ్లు మార్చలేరు. మీ వ్యాపారంలోనే చూడండి. కోతల సీజన్‌లో పూర్తిగా తెల్లారకముందే ఆటోలు బయల్దేరతాయి. లోపల కిక్కిరిసి ఆడవాళ్లు, వెనక చెక్క మీద ఇంకో ముగ్గురు, కాళ్లు బయటికి వేలాడేసి, అన్నం క్యారియర్లు ఒళ్లో పెట్టుకుని. కారం ఘాటుకి ముక్కుకు చుట్టుకునే తువ్వాలు మెడలోనే ఉంటుంది. ఆటోకి వెనక లైటు వెలగదు. డివైడర్‌లో గ్యాపు కోసం కాసేపు రాంగ్ రూట్లోనే వస్తుంది. మీరు యార్డులో అమ్మే కాయ కోసేది వాళ్లే. వాళ్ల ఆటో నుంచి ఏ తరంగమూ రాదు. ఏ డబ్బా వాళ్ల గురించి మీకు చెప్పదు.

మావయ్య: ఆ మాట నాకు చెబుతున్నావా? వాళ్లలో సగం మంది పేర్లు నాకు తెలుసు. వాళ్లను కాపాడాలంటే ఆ గ్యాపు మూసి అండర్‌పాస్ కట్టాలి, పక్కన సర్వీసు రోడ్డు వెయ్యాలి, ఊరి దగ్గర లైట్లు పెట్టాలి. నా దగ్గర తీసుకున్న వెయ్యితో అవి చేస్తున్నారా? అవేవీ చెయ్యకుండా ఫ్లైఓవర్ దిగే చోట గన్ పెట్టుకుని కూర్చుంటే ఆ ఆటో క్షేమంగా ఇల్లు చేరుతుందా?

(ఇక్కడ నేను మావయ్య పక్షం. గన్ పెట్టే చోటు ప్రమాదాల లెక్క చూసి ఎంచాలి, చలానాల లెక్క చూసి కాదు. కిరణ్ దగ్గరా దీనికి అడ్డు మాట లేదు.)

కిరణ్: చేరదు. అందులో మీదే న్యాయం. కానీ ఆ కోపానికి డిటెక్టర్ మందు కాదు. 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 167ఏ అని చేర్చారు. కెమెరాతోనో గన్‌తోనో నిఘా పెట్టిన రోడ్డు మీద అందరికీ కనపడేలా ముందే హెచ్చరిక బోర్డులు ఉండాలని అందులో ఉంది. ఆ పరికరానికి అప్రూవల్ సర్టిఫికెట్ ఉండాలి, ఏటేటా రెన్యువల్ చెయ్యాలి. ఫొటోలో నంబర్ ప్లేటు, తేదీ, టైము, చోటు అన్నీ ఉండాలి. మీకు చలానా పడిన చోట బోర్డు ఉందా?

మావయ్య: చెప్పానుగా, కొమ్మల వెనకాల. ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు.

కిరణ్: అయితే ఫొటో తీసి అభ్యంతరం పెడదాం. వినకపోతే కోర్టులో అడుగుదాం.

మావయ్య: వెయ్యి రూపాయల కోసం కోర్టా? సీజన్‌లో యార్డు వదిలేసి వకీలు చుట్టూ తిరగమంటావా?

కిరణ్: అందరూ ఇలాగే ఫోన్‌లో కట్టేస్తున్నారు. ఇక ఆ కొమ్మ కొట్టాలని ఎవరికి అనిపిస్తుంది? కనీసం హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేసి బోర్డు కనపడట్లేదని చెప్పండి. దానికి వకీలు అక్కర్లేదు.

మావయ్య: అది చేస్తా. కానీ అప్పటిదాకా నాకు బీప్ చెప్పే మిషన్ ఒకటి ఉండాలి.

కిరణ్: మీ కారులో ఇప్పటికే ఉంది. 2019 జూలై నుంచి తయారైన ప్రతి కారుకీ కంపెనీవాళ్లే పెట్టాలి. ఎనభై దాటితే ఉండి ఉండి మోగుతుంది, నూట ఇరవై దాటితే ఆగకుండా మోగుతుంది. మీ చలానాలో లిమిట్ ఎంత? ఎనభై. సరిగ్గా అక్కడే మోగి ఉండాలే?

మావయ్య: అది తల తినేస్తుంటే ఆటోనగర్‌లో తీయించేశాను.

కిరణ్: తీయించేశారా?

మావయ్య: తీయించక? రోడ్డు మీద అందరూ తొంభై, వంద మీద పోతుంటే చెవిలో టింగు టింగుమంటూ ఉంటే టెన్షన్ రాదూ? పోలీసు లేని చోట కూడా మోగుతుంది అది.

కిరణ్: మావయ్యా, ఆటో దాటేది పోలీసు లేని చోటే.

మావయ్య: ...సరే. ఎల్లుండి నిన్ను శంషాబాద్ తీసుకెళ్తున్నాగా. నందిగామ దాటాక ఆ బోర్డు దగ్గర ఆపుతా, ఫొటోలు తియ్యి. అభ్యంతరం కూడా నువ్వే రాసిపెట్టి విమానం ఎక్కు. కానీ ఒకటి చెబుతున్నా. బోర్డు కనపడట్లేదని ఫొటోతో సహా చూపించాక కూడా ఆ చలానా కొట్టెయ్యకపోతే, వచ్చే సంక్రాంతికి నువ్వు డబ్బా తేవాల్సిందే.

కిరణ్: లేజర్‌కి పనికిరాదని ఇంతసేపూ చెప్పాను.

మావయ్య: రాడార్ ఉన్న చోట పనికొస్తుందిగా. నాకది చాలు.

కిరణ్: తెస్తాను. కాకపోతే ముందు ఆటోనగర్‌కి వెళ్లి, తీయించేసింది మళ్లీ పెట్టించండి. అది మోగుతుండగా నాకు వీడియో కాల్ చెయ్యండి, అప్పుడు ఆర్డర్ పెడతాను.