నిలువు గీత గారికి

మహారాజశ్రీ భేదాల పట్టికలోని నిలువు గీత గారికి,

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ పిల్లలకు బాటనీ ట్యూషన్ చెప్పుకునే నేను నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

కణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ ఉన్న హైదరాబాద్‌లో కూడా మా పిల్లలకు కణమంటే తమరే. స్కేలు పెట్టి తమర్ని గీసేస్తే సగం జవాబు అయిపోయినట్టే. ఎడమవైపు కేంద్రకపూర్వ కణం, అంటే బ్యాక్టీరియా లాంటిది; కుడివైపు నిజకేంద్రక కణం, అంటే మొక్కలది, మనది. ఆ ఎడమ గడి చదివితే పెళ్లి సంబంధం తప్పించుకోవడానికి వంకలు పెడుతున్నట్టుంటుంది: కేంద్రక త్వచం లేదు, మైటోకాండ్రియా లేదు, గాల్జీ లేదు. ఇన్ని లేనిది సుమారు 350 కోట్ల ఏళ్లుగా ఎలా బతుకుతోందో మాత్రం రాయనివ్వరు. బ్యాక్టీరియా తన ప్లాస్మా త్వచం మీదే ఏటీపీ అనే శక్తి అణువును తయారుచేసుకుంటుంది. దానికి మైటోకాండ్రియా అనే వేరే పవర్‌హౌస్ ఎందుకండీ?

ప్రోటీన్లు తయారుచేసే రైబోసోమ్‌ల వరుసకు వద్దాం. ఎడమ 70ఎస్, కుడి 80ఎస్. ఈ 80ఎస్‌లో ఉన్నవి 60ఎస్, 40ఎస్ అనే రెండు ముక్కలు. "మేడమ్, 60, 40 కలిపితే వంద కదా?" అని అడగని బ్యాచ్ లేదు. ఎస్ అనేది సెంట్రిఫ్యూజ్‌లో తిప్పినప్పుడు ఎంత వేగంగా అడుక్కి దిగుతుందో చెప్పే కొలత, బరువు కాదు, కూడితే కుదరదు. సరే, అది మీ తప్పు కాదు.

మీ తప్పు మొక్కల కణాల్లో ఆహారం తయారుచేసే క్లోరోప్లాస్ట్ దగ్గరుంది. కుడి గడిలో దర్జాగా కూర్చున్న దాని కడుపులో ఉన్నవి ఎడమ గడి 70ఎస్ రైబోసోమ్‌లే. సొంత డీఎన్‌ఏ ఉంది, రెండుగా చీలి పెరుగుతుంది. మైటోకాండ్రియాదీ ఇంచుమించు అదే వరస. ఇవి ఒకప్పుడు మరో కణం లోపలికి చేరి అక్కడే ఉండిపోయిన బ్యాక్టీరియా అని అమెరికన్ జీవశాస్త్రవేత్త లిన్ మార్గులిస్ 1967లోనే వాదించారు. ఇప్పుడది పాఠ్యపుస్తకాల మాట. అంటే ఎడమవాళ్లు ఎప్పుడో తమర్ని దాటి కుడివైపు కాపురం పెట్టేశారు. తమరికి కబురు అందినట్టు లేదు.

డాక్టర్లకు మీరు పనికొస్తారని ఒప్పుకుంటాను. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ బ్యాక్టీరియా 70ఎస్‌లోని 30ఎస్ ముక్కను పట్టుకుంటుంది, మన 80ఎస్ జోలికి పెద్దగా రాదు. కానీ లినిజోలిడ్ అనే మరో యాంటీబయాటిక్ ఎక్కువ రోజులు వాడితే మన మైటోకాండ్రియా రైబోసోమ్‌లకూ దెబ్బ తగలొచ్చు. మందుకున్న అనుమానం కూడా మీకు లేకపోయె!

2022లో థయోమార్గరిటా మాగ్నిఫికా అనే బ్యాక్టీరియాను ప్రకటించారు. కంటికి కనిపిస్తుంది, దాదాపు సెంటీమీటరు పొడవుంటుంది, పైగా డీఎన్‌ఏను త్వచపు సంచుల్లో దాచుకుంటుంది. ఏ గడిలో రాయమంటారు?

మార్కులు మీవే, కాదనను. మైటోకాండ్రియా వరుస దగ్గర మాత్రం కాస్త తెగండి. పిల్లలు స్కేలు తీసి అక్కడ గీత ఆపేలా నేను చూసుకుంటాను.

ఇట్లు,
తమ విధేయురాలు,
ఎర్ర పెన్ను మేడమ్