మహారాజశ్రీ షోర్ ఎక్స్‌కర్షన్ గారికి

మహారాజశ్రీ షోర్ ఎక్స్‌కర్షన్ గారి దివ్య సముఖమునకు,

ఓడ రేవులో ఆగినప్పుడల్లా ప్రయాణికుల్ని బస్సెక్కించి ఊరు చూపించే తమరికి, పదిహేడో నంబరు స్టిక్కరు అంటించుకుని ఊరు తిరిగొచ్చిన ఒక ఇల్లాలు నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. డబ్బు ముందే కట్టించుకున్నారు కాబట్టి తమరికి ఎలాగూ కుశలమే. మా మామగారి మోకాళ్ళ గురించి మాత్రం ఇప్పుడే ఏమీ చెప్పలేను.

ఈ మధ్యాహ్నం, అగ్నిపర్వతపు బూడిదలో పూడిపోయి తవ్వకాల్లో బయటపడ్డ పాంపేయి ఊరు చూపిస్తామని తమరు బస్సెక్కించి, మమ్మల్ని పగడాల కొట్టులో దించారు. ఓడ ఇంకా ఇటలీలోని ఈ నేపుల్స్ రేవు దాటలేదు. కోపం చల్లారకముందే రాసేయడం మంచిదని డెక్కు మీద ఓ మూల కుర్చీ పట్టుకుని కూర్చున్నాను.

ఆగస్టులో మధ్యధరా వైపు ఎవరైనా వస్తారా అని తమరు అడగరు. తమరి వ్యాపారమంతా మా పిల్లల బడి సెలవుల మీదే నడుస్తోంది. ఇంగ్లండులో బళ్ళు మూసేది అప్పుడే, హైదరాబాదులో షెంజెన్ వీసా కొట్టించుకుని విజయవాడ నుంచి అత్తయ్య, మామయ్య రాగలిగిందీ అప్పుడే. సరే, ఎండ తప్పదు. కనీసం జనం కాస్త పలచగా ఉండే వేళ, పలచగా ఉండే చోటు ఏరుకుందామని నేను పడ్డ పాట్లు తమరికేం తెలుసు? ఏ రేవులో ఏ రోజు ఎన్ని ఓడలు ఆగుతాయో చూశాను. నెలలో చివరిది తప్ప మిగతా ఆదివారాలు వాటికన్ మ్యూజియంలు మూసేస్తారు. సోమవారమైతే ఫ్లారెన్స్‌లో ఉఫిజీ చిత్రశాల ఉండదు. మంగళవారమైతే నేపుల్స్ పురావస్తు మ్యూజియం ఉండదు. ఇవన్నీ నోటుబుక్కులో రాసుకుంటుంటే మా ఆయన "ఇంతకంటే సెలవు పెట్టకుండా ఆఫీసుకెళ్ళడం నయం" అన్నారు.

పాంపేయి విషయంలో నా లెక్క తప్పలేదు, అదే నా బాధ. 2024 నవంబరు నుంచి అక్కడ రోజుకి 20,000 మందికే ప్రవేశం, టికెట్టు మీద పేరు కూడా ఉండాలి. వేసవిలో ఆ కోటాని మళ్ళీ రెండుగా చీల్చారు. ఒంటిగంట లోపు 15,000, ఆ తర్వాత 5,000. పొద్దున్నే ఓడలన్నీ తలుపులు తెరిచి జనాన్ని ఒక్కసారే వదులుతాయి, ఆ జనమంతా పది గంటలకల్లా ఒకే గేటు ముందు పోగవుతారు. కాబట్టి ఎండకి ఓర్చుకోగలిగితే మధ్యాహ్నమే మేలు. తమరి బ్రోషరు కూడా అదే అంది: "రద్దీ తగ్గిన వేళ తీరిగ్గా పాంపేయి. సమయం అనుకూలిస్తే తిరుగు దారిలో నేపుల్స్ మ్యూజియం." ఆ రెండో వాక్యం కింద నేను పసుపు గీత గీసుకున్నాను. ఎందుకో తర్వాత మనవి చేసుకుంటాను.

ఒంటిగంటకి ఓడలోని థియేటర్‌లో హాజరు కమ్మన్నారు. అయ్యాం. ఒక్కో నంబరే పిలుస్తుంటే ముఖమల్ కుర్చీల్లో కునుకుపాట్లు పడ్డాం. అత్తయ్య తన గద్వాల చీర మీద స్టిక్కరు అంటించనివ్వలేదు, చేతిసంచీకి అంటించుకున్నారు. స్టిక్కరు కనపడాలి మేడమ్ అని తమరి అమ్మాయి వచ్చి మళ్ళీ మళ్ళీ చెప్పి వెళ్ళింది. చివరికి బస్సు కదిలింది. కదిలిన కాసేపటికే గైడు గారు మైకు తీసుకుని, దారిలో చిన్న స్టాప్ ఉంది, బాత్రూమ్‌కి వెళ్ళేవాళ్ళు వెళ్ళొచ్చు అన్నారు. ఎంత దయ!

టొర్రె దెల్ గ్రేకో. పాంపేయిని పూడ్చేసిన వెసూవియస్ కొండ కాళ్ళ దగ్గరున్న ఊరు. పగడం చెక్కడానికీ, శంఖాల మీద బొమ్మలు తీర్చే కామియో పనికీ రెండు శతాబ్దాలుగా పేరున్న ఊరు. ఆ పనివాళ్ళ మీద నాకు గౌరవమే. ఒక పెద్దాయన కిటికీ పక్కన కూర్చుని శంఖం మీద ఆడమనిషి మొహం చెక్కుతున్నాడు, ఆయన చేతులు చూస్తూ నిలబడిపోయాం. రెండు నిమిషాలే. ఆ తర్వాత లోపలి తలుపు తీశారు. లోపల చల్లటి ఏసీ, చిన్న చిన్న గ్లాసుల్లో లిమొన్‌చెల్లో అనే నిమ్మ మద్యం, వరసగా గాజు అల్మరాలు, ఒక్కో కుటుంబానికి ఒక్కో సేల్స్ అమ్మాయి. బయట డ్రైవరు బస్సుకి తాళం వేసి ఎటో వెళ్ళిపోయాడు.

ఒక రకంగా తమరు మాట తప్పలేదు. ఈ ప్రయాణం మొత్తంలో జనం లేని చోటు అదొక్కటే.

"ఏమ్మాయ్, ఊరు బూడిదలో మునిగిపోయిందన్నావు, ఇక్కడన్నీ తళతళలాడుతున్నాయే?" అన్నారు అత్తయ్య.

ఇది ఆ ఊరు కాదత్తయ్యా, ఇది కొట్టు అన్నాను.

సేల్స్ అమ్మాయి ఒక పగడాల దండ తెచ్చి మఖ్మల్ గుడ్డ మీద పరిచింది. అత్తయ్య ఊరుకోకుండా మెళ్ళోంచి సూత్రాల తాడు బయటికి తీసి, పక్కనున్న పగడం చూపించి, "ఇది నా పెళ్ళికి మా అమ్మ వన్‌టౌన్‌లో కొన్నది. దీని ముందు మీదెంత?" అన్నారు. నేను తర్జుమా చేశాను. ఆ అమ్మాయి భూతద్దం పెట్టి చూసి, "ఇదీ మా సముద్రానిదే" అంది.

అయినా కావచ్చు. ఈ సముద్రపు పగడం మన వైపు రావడం ఇవాళ్టి మాట కాదు. 17, 18 శతాబ్దాల్లో ఇటలీలోనే ఇంకో రేవు, లివోర్నోలోని యూదు వర్తకులు పగడాలు గోవాకి పంపి, బదులుగా వజ్రాలు తెప్పించుకునేవారు. బ్రెజిల్లో గనులు బయటపడేదాకా లోకానికి వజ్రమంటే ముందు గుర్తొచ్చింది గోల్కొండే. అంటే మా వజ్రాలు పట్టుకెళ్ళి పగడాలిచ్చినవాళ్ళ తీరానికే మేం ఎదురు డబ్బు కట్టి వచ్చాం. వచ్చినందుకు ఇంకో పగడం కూడా కొనాలన్నమాట! కొనేదాకా డ్రైవరు రాడన్నమాట! మా చిన్నది అప్పటికే అల్మరాలు లెక్కపెట్టడం పూర్తిచేసి మొదట్నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. ఎవరో ఒకావిడ ఉంగరం కొన్నాక మాకు విడుదల దొరికింది. ఆవిడెవరో గానీ నూరేళ్ళు చల్లగా ఉండాలి.

పాంపేయి గేటు దాటేసరికి ఐదు వేలమంది కోటా, నీడలు పొడుగయ్యే వేళ, అన్నీ నేను లెక్కేసినట్టే ఉన్నాయి. గైడు గారి దగ్గర టైమే లేదు. అరవై ఆరు హెక్టార్ల ఊరు, మూడింట రెండు వంతులు తవ్వి బయటపెట్టారు, తమరు ఇచ్చింది గంట. 2023లో మళ్ళీ తెరిచిన వెట్టీలనే సంపన్నుల ఇల్లు లేదు. గోడల బొమ్మలకి పేరుపడ్డ విల్లా ఆఫ్ మిస్టరీస్ దూరమన్నారు. యాంఫీథియేటరు ఇంకా దూరమన్నారు. వేడి వేడి తిండి అమ్మిన రాతి గట్లు, వాటిలో కుండలు దించిన గుంటలు అత్తయ్య ఆగి చూస్తుంటే, గైడు గారి చేతిలోని పదిహేడో నంబరు పలక అప్పుడే వీధి మలుపు తిరిగిపోయింది. ఆ నల్లరాళ్ళ వీధిలో, బండిచక్రాలు కోసిన గాడుల మీద, మామయ్యని చెయ్యి పట్టుకుని దాదాపు పరిగెత్తించాం.

ఇన్ని వదిలేసి తమరు ఆగింది ఎక్కడయ్యా అంటే, లూపనార్ దగ్గర. ఆ ఊరి భోగం ఇల్లు. అక్కడ మాత్రం వరస ఉంది, ఆ వరసలో అత్తమామల్ని పక్కన పెట్టుకుని నిలబడ్డాను. గోడల మీది బొమ్మల గురించి గైడు గారు మా చెవుల్లో పెట్టిన హెడ్‌సెట్‌లోంచి వివరంగా చెప్పేస్తున్నారు. పెద్దవాళ్ళకి ఆ యాస అర్థం కాదులే అని సర్దిచెప్పుకుందామంటే, మామయ్య రిటైరైన ఇంగ్లీషు లెక్చరరు.

ఇప్పుడు ఆ పసుపు గీత సంగతి. 1938లో పాంపేయి తవ్వకాల్లో ఒక దంతపు బొమ్మ దొరికింది. పాతిక సెంటీమీటర్లు ఉంటుందేమో. మెడ నిండా నగలు, చేతుల నిండా గాజులు, పక్కన ఇద్దరు చిన్న చెలికత్తెలు. పాంపేయి లక్ష్మి అని పేరు పడింది, యక్షి అయ్యుండొచ్చని కూడా పండితులంటారు. అలాంటి బొమ్మలు మహారాష్ట్రలో భోకర్దన్‌లో దొరికాయి కాబట్టి, ఇదీ శాతవాహనుల కాలంలో దక్కను నుంచే ఓడెక్కి ఉంటుందని చాలామంది అభిప్రాయం. క్రీ.శ. 79లో వెసూవియస్ పేలినప్పుడు ఊరితోపాటు ఆవిడా బూడిదలో పూడిపోయింది. ఇప్పుడు నేపుల్స్ మ్యూజియంలో ఉంది, మా ఓడ కట్టిన రేవు నుంచి ఓ రెండు కిలోమీటర్లు. అత్తయ్యకి విజయవాడలో ఉన్నప్పుడే ఫోన్లో చెప్పాను, అంత దూరం వెళ్ళిన మన లక్ష్మిని చూపిస్తానని. ఆవిణ్ణి ఆ మ్యూజియంలో రహస్య మందిరంలో పెట్టారు, శృంగారపు బొమ్మలన్నీ దాచే గదిలో. లూపనార్ చూసొచ్చాక మాకు దాని గురించి కూడా బెంగ లేదు.

"సమయం అనుకూలించలేదండీ" అన్నారు గైడు గారు.

అనుకూలించలేదా? ఇక ఈ గారూ, తమరూ చాలు. ఇదిగో ఎక్స్‌కర్షనూ, సమయం నా దగ్గర నుంచి నువ్వు లాక్కుని ఆ కొట్టువాడికి ఇచ్చావు. ఎంతకిచ్చావో చెప్పు! నీకు కమిషనే కావాలంటే టికెట్టులో కలిపి రాయి, కట్టేస్తాం, ఇంకా చాలా వాటికి కట్టాం. పొద్దున్నే ఐదింటికి లేచే మామయ్య, జన్మలో మళ్ళీ ఈ తీరానికి రానని తెలిసిన మామయ్య, బస్సులో కళ్ళు మూసుకుని "బానే ఉందమ్మా" అన్నారు చూడు, అది నువ్వు వినాల్సింది. నీకు హెడ్‌సెట్ పెట్టి వినిపించాల్సింది.

మిగతా నీ ఘనకార్యాలు నాకు ఇప్పుడు గుర్తుకు రావడం కూడా దండగే. బార్సిలోనాలో సగ్రాద ఫమీలియా చర్చి అని పెద్దక్షరాలతో రాసి, లోపలికి టికెట్లు లేకుండా బస్సు కిటికీలోంచి గోపురాలు చూపించావు. శ్రీశైలంలో శిఖర దర్శనానికి పునర్జన్మ ఉండదంటారు, నీ శిఖర దర్శనానికి రీఫండ్ కూడా లేదు. మా తోటికోడలు గ్రీసు వైపు ఓడెక్కింది. అక్కడి శాంటొరిని దీవిలో ఓడల మీద వచ్చేవాళ్ళు రోజుకి 8,000 మంది మించకూడదని పరిమితి పెట్టారు, 2025 జూలై నుంచి వేసవిలో తలకి 20 యూరోల సుంకం కూడా వేశారు. అంతా కట్టి, నువ్వు అందర్నీ ఒకే గంటలో పడవల్లో దింపితే, పైన ఊళ్ళోకి వెళ్ళడానికి కేబుల్ కారు వరసలో నిలబడి ఫొటో పంపింది. ఫొటోలో ముందువాళ్ళ టోపీలున్నాయి.

నువ్వు బతికేదల్లా మా భయం మీద. నేపుల్స్ నుంచి లోకల్ రైలుంది, పాంపేయి స్కావి స్టేషన్లో దిగితే ఎదురుగానే గేటు. అంతకుముందే ఎర్కొలానోలో దిగితే హెర్క్యులేనియం, అదే పేలుడులో పూడిపోయిన ఇంకో చిన్న ఊరు, జనం తక్కువ, కాలి బొగ్గైన తలుపులూ దూలాలూ కూడా మిగిలున్నాయి. ఇదంతా నా నోటుబుక్కులోనే ఉంది. అయినా నీ దగ్గరే కొన్నాను. రైలు ఆలస్యమైతే ఓడ వెళ్ళిపోతుందేమో, పెద్దవాళ్ళతో రేవులో నిలబడిపోతామేమోనన్న టెన్షన్.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. తిరిగొస్తుంటే నేపుల్స్ ట్రాఫిక్‌లో బస్సు కదల్లేదు. ఎక్కాల్సిన టైము దాటిపోయింది. మా ఆయన వాచీ చూసుకోవడం మానేసి కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలుపెట్టారు. రేవులోకి తిరిగేసరికి ఓడ అక్కడే ఉంది, మెట్ల దగ్గర మీవాళ్ళు చల్లటి తువ్వాళ్ళు పట్టుకుని నిలబడ్డారు. మామయ్యని ఇద్దరు కుర్రాళ్ళు జాగ్రత్తగా ఎక్కించారు. నీ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుందన్నావు, ఆపావు. దానికి మాత్రం నీకో దండం.

రేపు చివిటవెక్కియా. ఆ రేవు పేరు పక్కన రోమ్ అని రాసుకుంటావు, రోమ్ అక్కణ్ణుంచి 70 కిలోమీటర్లు. నీ రోమ్ టూరు టికెట్లు నా దగ్గరున్నాయి, ఇప్పుడు కాన్సిల్ చేస్తే పైసా రాదని రిసెప్షన్‌లో చెప్పారు. ఉంచుకో. మేం రోమ్‌కి ఎదురు దిక్కున రైలెక్కి పావుగంటలో తార్క్వీనియా వెళ్తున్నాం. రోమ్ కంటే ముందు ఈ గడ్డని ఏలిన ఎత్రుస్కన్ల సమాధులున్నాయి, లోపల గోడల నిండా రంగుల బొమ్మలు, 2004లో యునెస్కో జాబితాకెక్కాయి. మామయ్య పుస్తకం తెచ్చుకుని ఇప్పుడే చదువుతున్నారు. పాస్‌పోర్టులు అడిగి తీసుకున్నాను. ఎందుకు మేడమ్ అంది కౌంటర్లో అమ్మాయి.

ఎందుకంటే, రేపు మాకు ఆలస్యమైతే ఓడని ఆపక్కర్లేదు. తార్క్వీనియా నుంచి అదే పట్టాలు ఉత్తరంగా లివోర్నోకి పోతాయి. ఎల్లుండి పొద్దున నువ్వు అక్కడికొచ్చి స్టిక్కర్లు పంచే వేళకి మేం రేవులో కాఫీ తాగుతుంటాం.

ఇట్లు,
రేపు నీ రోమ్ బస్సులో ఖాళీగా వెళ్ళే ఆరు సీట్ల తాలూకు మనుషులు