ఎమర్జెన్సీ బోర్డు మీది నిమిషాలు ఎవరివి?

అమెరికాలో చాలా ఆసుపత్రులు తమ ఎమర్జెన్సీలో డాక్టరు చూడటానికి ఎంతసేపు పడుతుందో వెబ్‌సైట్లలోనూ, రోడ్డు పక్క హోర్డింగుల మీదా ప్రకటిస్తుంటాయి. ఆ అంకె వెనకున్న లెక్క తరచూ సాదాసీదాదే: గడిచిన కొన్ని గంటల్లో వచ్చినవారు ఎంతెంతసేపు ఆగారో చూసి సగటు కట్టడం. అంటే సాయంత్రం ఆరున్నరకు మడమ బెణికి వచ్చిన మనిషికి బోర్డు చూపించేది మధ్యాహ్నపు రద్దీని. పైగా ఇక్కడ ముందొచ్చినవారికే ముందు అన్న వరస చెల్లదు. జబ్బు తీవ్రతను బట్టి వరస తేల్చే ట్రయాజ్ నర్సు అతన్ని కూర్చోమన్న కాసేపటికే గుండెనొప్పి రోగితో అంబులెన్సు వస్తే, ఆ రోగి నేరుగా లోపలికి వెళతాడు, మడమ మనిషి నిరీక్షణ మరికాస్త పెరుగుతుంది.

కాలిఫోర్నియాలోని శాన్ మాటియో మెడికల్ సెంటర్‌లో అమలుచేసి, 2016లో ఫలితాలు ప్రచురించిన క్యూ-లాసో పద్ధతి ఈ లోపాన్నే పట్టుకుంది. క్యూల గణితాన్ని గణాంక నమూనాతో జోడించి, ప్రాణాపాయం లేని రోగుల నిరీక్షణను అంచనా వేసిన ఈ పద్ధతిలో సగటు వర్గ దోషం (అంచనాకూ అసలు నిరీక్షణకూ ఉన్న తేడాల వర్గాల సగటు), ఉన్నవాటిలో మేలైన సగటు లెక్కతో పోలిస్తే 30 శాతానికి పైగా తగ్గింది. ముఖ్యంగా తగ్గినవి, తక్కువ చెప్పి ఎక్కువసేపు కూర్చోబెట్టే పొరపాట్లు. ఇరవై నిమిషాలని చెప్పి యాభై నిమిషాలు ఆపితే రోగికి ఒళ్లు మండుతుంది. గంట పడుతుందని చెప్పి అదే యాభై నిమిషాలకు పిలిస్తే ఊరట కలుగుతుంది.

అలాగని ఎప్పుడూ ఎక్కువ చెప్పడమూ క్షేమం కాదు. ఛాతీలో బరువుగా ఉన్న మనిషి ఆ అంకె చూసి ఇంటికి మళ్లితే ఆ అంచనా ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ఒకే అంకె కాకుండా, తీవ్రతను బట్టి 'ముప్పావుగంట నుంచి రెండు గంటలు' అన్నట్టు చెప్పడం నిజాయితీ అని నా అభిప్రాయం.

నమూనాకు మేతగా వేసే డేటా కూడా అమాయకమైనది కాదు. రోగిని నాలుగు గంటల్లోగా చేర్చుకోవాలి లేదా పంపించాలి అన్న లక్ష్యం పెట్టుకున్న ఇంగ్లండులో, ఆ గడువు ముగిసే ముందు నిమిషాల్లోనే రోగులు గుంపుగా బయటపడటం గ్రాఫుల్లో నిటారు శిఖరంలా కనిపించింది. అలాంటి రికార్డులతో నేర్చుకున్న యంత్రం పసిగట్టేది జబ్బు తీరును కాదు, గడియారానికి భయపడే యాజమాన్యం తీరును.

అన్నిటికంటే పెద్ద అడ్డంకి వెయిటింగ్ హాల్లో కాదు, పై అంతస్తులో ఉంటుంది. వార్డులో పడక ఖాళీ కాక, అడ్మిషన్ ఖాయమైన రోగులు ఎమర్జెన్సీ స్ట్రెచర్ల మీదే పడుకుని ఉంటే, కొత్తవారిని చూడటానికి చోటుండదు. అలా పడక కోసం ఆగినవారెందరో కూడా నిమిషాల పక్కనే రాస్తే, మడమ బెణికిన మనిషికి తన ఆలస్యం ఎక్కడిదో తెలుస్తుంది.